ఫిగ్మా పబ్లిక్ ఇష్యూకు వస్తోంది: రోజూ వాడే మనకు ఏం మారుతుంది?

రేఖ_డిజైన్ | 2025 జూలై 2

అందరికీ నమస్కారం. మనం బ్రౌజర్‌లో యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు గీసుకునే ఫిగ్మా నిన్న పబ్లిక్ ఇష్యూ పత్రాలు బయటపెట్టింది. ఏప్రిల్‌లోనే అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు గోప్యంగా ఇచ్చారు, ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ‘ఫిగ్’ అనే గుర్తుతో లిస్ట్ అవుతుంది.

రాత్రి కూర్చుని అందులో చాలా భాగం చదివాను. షేర్లు కొనాలా వద్దా అన్నది ఇక్కడ అడగడం లేదు, దానికి వేరే వేదికలున్నాయి. రోజుకి ఎనిమిది గంటలు ఆ తెర ముందే గడుపుతాను. నా పని, మా టీమ్ పని, ఆరేళ్ల డిజైన్ సిస్టమ్ (అందరం వాడే రంగులు, బటన్ల లాంటి ఉమ్మడి భాగాలు) అంతా అందులోనే ఉంది. ఆ ఇంటికి యజమానులు మారుతున్నారంటే పట్టించుకోకుండా ఎలా ఉంటాను?

2022 సెప్టెంబర్ గుర్తుందా? ఫోటోషాప్ తయారుచేసే అడోబీ 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మాను కొంటున్నట్టు ప్రకటించిన రోజు మనందరికీ ఎంత టెన్షన్! ఏడాదిపైగా అది నలిగింది. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ, యూరోపియన్ కమిషన్ రెండూ అభ్యంతరం చెప్పాయి. 2023 డిసెంబర్‌లో ఒప్పందం రద్దయింది, ముందే రాసుకున్న షరతు ప్రకారం అడోబీ 100 కోట్ల డాలర్లు ఫిగ్మాకు చెల్లించింది. ఆరోజు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు ఈ వార్త చూసి పూర్తిగా సంతోషపడలేకపోతున్నాను. అడోబీ చేతిలోకి పోలేదు, మంచిదే. కానీ లిస్ట్ అయ్యాక ప్రతి మూడు నెలలకీ మార్కెట్‌కి లెక్క చెప్పాలి, ప్రతిసారీ పెరుగుదల చూపించాలి. ఆ పెరుగుదల వచ్చేది వాడే ఒక్కొక్కరికీ మనం కట్టే సీట్ల డబ్బు నుంచే కదా! మీ అనుభవాలు, ఆలోచనలు చెప్పండి.

లెక్కలబాబు | 2025 జూలై 2

రేఖ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ముందు అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే బయట చాలామంది వీటిని తప్పుగా చెప్పుకుంటున్నారు.

2024లో ఆదాయం 74.9 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాదికంటే 48 శాతం ఎక్కువ. కానీ అదే ఏడాది నికర నష్టం 73.2 కోట్లు. ఇది చూసి కంపెనీ మునిగిపోతోంది కాబట్టి షేర్లు అమ్ముకుంటోంది అని రాస్తున్నారు. అది నిజం కాదు. ఉద్యోగులకు ఏళ్లుగా ఇస్తూ వచ్చిన షేర్ల ఖర్చు పెద్ద మొత్తంలో 2024లో ఒకేసారి పుస్తకాల్లోకి ఎక్కింది, నష్టానికి ముఖ్య కారణం అదే. 2023 లాభం చూసి మురిసిపోనూ అక్కర్లేదు. ఆ ఏడాది దాదాపు 73.8 కోట్ల లాభం కనిపిస్తుంది, కానీ అది అడోబీ ఇచ్చిన 100 కోట్ల పుణ్యమే.

అంటే 2023, 2024 రెండూ మామూలు ఏళ్లు కావు. కంపెనీ అసలు పరిస్థితి తెలియాలంటే 2025 మొదటి త్రైమాసికం చూడాలి: ఆదాయం 22.82 కోట్లు, 46 శాతం పెరుగుదల, నికర లాభం 4.49 కోట్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇది చాలా ఆరోగ్యంగా ఉన్న లెక్క.

కొత్తకుంచె | 2025 జూలై 2

నేను ఇంకా నేర్చుకుంటున్నాను, ప్రశ్న చిన్నదైతే ఏమనుకోకండి. లాభం వస్తోంది, డబ్బు ఉంది. అలాంటప్పుడు అసలు పబ్లిక్ ఇష్యూకి ఎందుకు వెళ్లాలి? ఇప్పుడున్నట్టే ఉండొచ్చు కదా?

సౌమ్య_యూఎక్స్ | 2025 జూలై 3

> అసలు పబ్లిక్ ఇష్యూకి ఎందుకు వెళ్లాలి?

చిన్న ప్రశ్న కాదమ్మా, అసలు ప్రశ్న ఇదే.

ఫిగ్మా చేతిలో నగదు, వెంటనే అమ్ముకోగల పెట్టుబడులు కలిపి 150 కోట్ల డాలర్ల పైనే ఉన్నాయి. కాబట్టి డబ్బు కోసం అన్నది పెద్ద కారణం కాదు. ఆ కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లను చూడండి. ఇండెక్స్ వెంచర్స్ 2013లోనే పెట్టింది. తర్వాత గ్రేలాక్, క్లైనర్ పెర్కిన్స్, సెకోయా వచ్చాయి. పన్నెండేళ్లు ఎవరూ ఊరికే కూర్చోరు, వాళ్లకు డబ్బిచ్చినవాళ్లకు వాళ్లు తిరిగి ఇవ్వాలి. బయటపడే దారులు రెండే, కంపెనీని ఎవరికైనా అమ్మేయడం లేదా మార్కెట్‌కి రావడం. మొదటి దారిని నియంత్రణ సంస్థలు మూసేశాయి.

నా మనసు మాత్రం ఉద్యోగుల దగ్గరే ఉంది. నేను ఒక స్టార్టప్‌లో (పేరు వద్దు) నాలుగేళ్లు చేశాను. జీతం తక్కువైనా షేర్లు (ముందే అనుకున్న ధరకి కొనుక్కునే హక్కు) వస్తాయని సర్దుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు 90 రోజుల్లో సొంత డబ్బు పెట్టి ఆ షేర్లు కొనుక్కోవాలి, లేకపోతే పోతాయన్నారు. కొన్నా ఎక్కడా అమ్మలేను. అంత డబ్బు నా దగ్గర లేదు, వదిలేసుకున్నాను. నాలుగేళ్ల కష్టానికి చేతిలో మిగిలింది ఒక ఈమెయిల్. అందుకే ఒక డిజైన్ కంపెనీ ఉద్యోగుల షేర్లకి నిజమైన ధర, అమ్ముకునే చోటు దొరుకుతున్నాయంటే నాకు మనస్ఫూర్తిగా సంతోషంగా ఉంది. అడోబీ ఒప్పందం ఆగిపోయినప్పుడు వాళ్లు ఎంత నిరాశపడి ఉంటారో! 2024లో కంపెనీకి 1,250 కోట్ల డాలర్ల విలువ కట్టి ఉద్యోగులు కొంత అమ్ముకునే వీలు కల్పించారు. కానీ అడోబీ ఇస్తానన్న 2,000 కోట్లతో పోలిస్తే అది చాలా తక్కువ.

పాతకలం | 2025 జూలై 4

పిల్లలందరూ చక్కగా మాట్లాడుతున్నారు. నేను అచ్చు పనుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. ఫిగ్మా ఈమధ్యే నేర్చుకున్నాను, మీకున్నంత అనుబంధం నాకు లేదు. కానీ ఈ కథలాంటిది ముందు ఒకసారి చూశాను కాబట్టి చెబుతాను.

ఫ్రీహ్యాండ్ అని ఒక గొప్ప సాఫ్ట్‌వేర్ ఉండేది. గీతలు గీయడానికి అడోబీ వాళ్ల ఇలస్ట్రేటర్‌కి గట్టి పోటీ. ఆల్టిసిస్ అనే చిన్న కంపెనీ తయారుచేస్తే, ఆల్డస్ అమ్మేది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొన్నప్పుడు అమెరికా వాణిజ్య కమిషన్ అడ్డుపడింది. రెండు పోటీ సాఫ్ట్‌వేర్లూ ఒకే చేతిలో ఉండకూడదని ఫ్రీహ్యాండ్‌ను ఆల్టిసిస్‌కు తిరిగి ఇప్పించింది. దాన్ని మాక్రోమీడియా కొనుక్కుంది, మాకు ప్రాణం లేచివచ్చింది.

పదకొండేళ్లు గడిచాయి. 2005లో అడోబీ ఏకంగా మాక్రోమీడియానే కొనేసింది. ఈసారి ఎవరూ ఫ్రీహ్యాండ్‌ను విడదీయలేదు. 2007లో ఇక దీన్ని అభివృద్ధి చేయం, ఇలస్ట్రేటర్‌కి మారండి అన్నారు. వాడేవాళ్లు సంఘం పెట్టుకుని కోర్టుకు కూడా వెళ్లారు. సాఫ్ట్‌వేర్ మాత్రం మళ్లీ లేవలేదు.

అడోబీ చెడ్డదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. ఆ ఇలస్ట్రేటర్‌తోనే నేను ఇల్లు నడుపుకున్నాను. ఫ్రీహ్యాండ్‌ను మొదటిసారి నియంత్రణ సంస్థ కాపాడింది, రెండోసారి కాపాడేవాళ్లు లేకపోయారు, ఎందుకంటే అది తన కాళ్ల మీద తాను నిలబడ్డ కంపెనీ కాదు. ఎవరో ఒకరి జేబులో వస్తువు. ఫిగ్మా ఇప్పుడు తన పేరుతో తాను మార్కెట్‌లో నిలబడుతోంది, ఆ తేడా చిన్నది కాదు. రేఖమ్మా, నీ భయం అర్థమైంది. అయినా అమ్ముడుపోవడం కంటే ఇది మేలనే నేనంటాను.

రేఖ_డిజైన్ | 2025 జూలై 4

పాతకలం గారూ, ఫ్రీహ్యాండ్ పేరు విన్నానే గానీ ఈ వరస నాకు తెలియదు. చాలా కృతజ్ఞతలు.

కానీ ఒక మాట. అడోబీ 1986 నుంచీ పబ్లిక్ కంపెనీయే. 2013లో పెట్టెలో అమ్మే సాఫ్ట్‌వేర్ ఆపేసి, నెలనెలా కట్టే పద్ధతికి అందరినీ మార్చింది. ఒకసారి కొని ఐదేళ్లు వాడుకునేవాళ్లు ఎంత గోల పెట్టినా వెనక్కి తగ్గలేదు. మార్కెట్‌కి ఆ పద్ధతి బాగా నచ్చింది, ఎందుకంటే వచ్చే త్రైమాసికంలో ఎంత డబ్బు వస్తుందో ముందే తెలుస్తుంది. తన కాళ్ల మీద నిలబడ్డ కంపెనీ కూడా మనల్ని ఇబ్బంది పెట్టగలదు, నా భయం అదీ.

కోడ్‌మిత్ర | 2025 జూలై 5

నేను ఫ్రంట్ఎండ్ డెవలపర్‌ని. రేఖ గారు చెప్పిన అడోబీ పోలికలో ఒక తేడా ఉంది. ఫిగ్మాలో ఓటున్న షేర్లు రెండు రకాలు. మార్కెట్లో మనం కొనే ‘ఎ’ రకానికి ఒక ఓటు, వ్యవస్థాపకుల దగ్గరుండే ‘బి’ రకానికి 15 ఓట్లు. సహ వ్యవస్థాపకుడు ఇవాన్ వాలెస్ కంపెనీ వదిలి వెళ్లాడు, ఆయన ఓట్లు వేసే అధికారం కూడా ఇంకో సహ వ్యవస్థాపకుడు, కంపెనీ అధిపతి డిలన్ ఫీల్డ్‌కే ఉంది. అన్నీ కలిపితే ఇష్యూ తర్వాత కూడా మొత్తం ఓట్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒక్క ఫీల్డ్ చేతిలోనే ఉంటాయి. అంటే మార్కెట్ అరిచినా, ఆయన వద్దనుకుంటే ఏదీ జరగదు. పత్రంలో వాటాదారులకు రాసిన లేఖలో, పెద్ద పందేలు వేస్తాం, కొన్నిసార్లు తక్షణ లాభం తగ్గినా సరే అన్న ధోరణి స్పష్టంగా ఉంది.

ఇవాన్ వాలెస్ గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. 2012లో వీళ్లు మొదలుపెట్టినప్పుడు బ్రౌజర్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ నడుస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. బ్రౌజర్‌లో వేగంగా బొమ్మలు గీయించే వెబ్‌జీఎల్ అప్పుడప్పుడే వచ్చింది. సీ++ లో రాసి, బ్రౌజర్‌లో పరిగెత్తేలా మార్చి, గీత గీసే ఇంజిన్ మొత్తం సొంతంగా కట్టారు. 2016లో అందరికీ తెరిచారు. ఒకే ఫైల్లో పదిమంది కర్సర్లు తిరగడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అడోబీ ఎక్స్‌డీ, ఇన్‌విజన్ లాంటి పోటీ సాఫ్ట్‌వేర్లు ఎందుకు వెనకబడ్డాయో ఆ ఇంజిన్ చూస్తేనే అర్థమవుతుంది.

లెక్కలబాబు | 2025 జూలై 5

కోడ్‌మిత్ర అన్నది నిజమే, కానీ ఒక్కడి చేతిలో అన్ని ఓట్లుండటం రెండంచుల కత్తి. ఫీల్డ్ రేపు తప్పు నిర్ణయం తీసుకుంటే ఆపేవాళ్లూ ఉండరు. అడోబీకి అమ్ముతానని ఒప్పుకున్నది కూడా ఆయనే కదా.

రేఖ గారి ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే అంకె ఒకటి ఆ పత్రంలో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఏడాదికి 10,000 డాలర్ల పైన కట్టే ఖాతాల దగ్గర ‘నికర నిలుపుదల’ 132 శాతం. తేలిగ్గా చెప్పాలంటే, ఏడాది క్రితం 100 డాలర్లు కట్టిన ఖాతాలు ఇప్పుడు 132 కడుతున్నాయి. కొత్తగా చేరినవాళ్లు ఇందులో లేరు, పాతవాళ్లే. కొంత మనుషులు పెరిగి, కొంత సీట్లు మారి, కొంత ధర పెరిగి.

ఈ మార్చిలో ధరలు మారాయి, గమనించే ఉంటారు. ఆర్గనైజేషన్ ప్లాన్‌లో పూర్తి సీటు నెలకి 45 నుంచి 55 డాలర్లయింది. దానికి బదులు ఫిగ్‌జామ్ (అందరూ కలిసి రాసుకునే బోర్డు), స్లైడ్స్ (ప్రెజెంటేషన్లు), డెవ్ మోడ్ (డెవలపర్లు డిజైన్ వివరాలు చూసుకునేది) అన్నీ ఆ సీటులోనే కలిపారు. అవన్నీ వాడే టీమ్‌కి లాభమే. గీయడానికి మాత్రమే వాడేవాళ్లకు అది పెరిగిన ధరే.

ఇంకోటి. నెలకి 1.3 కోట్ల మంది వాడుతుంటే అందులో మూడింట రెండు వంతుల మంది డిజైనర్లు కారు. డెవలపర్లు, ప్రాడక్ట్ మేనేజర్లు, మార్కెటింగ్ వాళ్లు. కంపెనీ ఇకమీదట పెరిగేది వాళ్లతోనే. కొత్తగా తెచ్చిన మేక్ (ఏఐతో యాప్ నమూనాలు), సైట్స్ (వెబ్‌సైట్లు), బజ్ (మార్కెటింగ్ బొమ్మలు) ఎవరి కోసం అనుకుంటున్నారు?

సౌమ్య_యూఎక్స్ | 2025 జూలై 6

చివరి మాట నాకు గుచ్చుకుంది. మేం అడిగిన చిన్న చిన్న మార్పులు ఏళ్లు పడుతుంటే, కొత్త ఉత్పత్తులు ఒకేసారి నాలుగు వస్తున్నాయి. మా అవసరం తీరిపోయిందని అనుకుంటున్నారేమో అనిపిస్తుంది.

రేఖ_డిజైన్ | 2025 ఆగస్టు 1

అందరూ చూసే ఉంటారు. ఇష్యూలో షేరు ధర మొదట 25 నుంచి 28 డాలర్ల మధ్య అన్నారు, తర్వాత 30 నుంచి 32 చేశారు, చివరికి 33 దగ్గర ఖాయం చేశారు. నిన్న 85 దగ్గర మొదలై 115.50 దగ్గర ముగిసింది! ఒక్కరోజులో మూడున్నర రెట్లు. సంబరపడాలా, భయపడాలా తెలియడం లేదు.

కొత్తకుంచె | 2025 ఆగస్టు 1

ఆ పెరిగిన డబ్బంతా ఫిగ్మాకే వెళ్తుందా?

లెక్కలబాబు | 2025 ఆగస్టు 1

లేదు తమ్ముడూ, చాలామంది అలాగే అనుకుంటారు. కంపెనీకి అందేది 33 చొప్పునే, అందులో బ్యాంకుల కమిషన్ కూడా పోతుంది. ఆ తర్వాత జరిగే కొనుగోళ్లు అమ్మకాలన్నీ మదుపర్ల మధ్యే.

పైగా ఈ ఇష్యూలో దాదాపు 3.7 కోట్ల షేర్లు అమ్మితే, కంపెనీ సొంతంగా అమ్మింది సుమారు 1.25 కోట్లు. మిగతా 2.45 కోట్లు పాత వాటాదారులవి. మొత్తం 120 కోట్ల డాలర్ల పైన పోగైతే కంపెనీ వాటా, కమిషన్ పోకముందు, 41 కోట్లు మాత్రమే. సౌమ్య గారు మొదట్లోనే చెప్పారు, డబ్బు కోసం కాదని.

ఇప్పుడు లెక్క వేసి చూడు. 33కి అమ్మిన షేర్ సాయంత్రానికి 115.50. షేరుకి 82.50 తేడా. కంపెనీ అమ్మిన 1.25 కోట్ల షేర్ల మీద అది 100 కోట్ల డాలర్ల పైమాటే! అడోబీ ఇచ్చిన పరిహారమంత సొమ్ము, 33కి షేర్లు దక్కించుకున్న పెద్ద మదుపర్ల చేతిలోకి పోయింది. అందుకే ధర తక్కువ పెట్టారని బ్యాంకుల మీద ఇంత విమర్శ.

సౌమ్య_యూఎక్స్ | 2025 ఆగస్టు 1

నేను అంత గట్టిగా అనలేను. మార్కెట్‌లో తిరిగేది చాలా కొద్ది షేర్లు, కొనాలనుకునేవాళ్లు కొల్లలు. అలాంటప్పుడు ధర ఎగబాకుతుంది. మొత్తం 3.7 కోట్ల షేర్లనూ 115 పెట్టి కొనేవాళ్లు ముందు రోజు ఉండేవాళ్లా? నాకు నమ్మకం లేదు. నా బాధల్లా అక్కడి ఉద్యోగుల గురించే. వాళ్లలో చాలామంది ఈ ధర దగ్గర అమ్ముకోలేరు, లిస్ట్ అయ్యాక కొంతకాలం అమ్మకూడదన్న గడువు ముగిసేదాకా ఆగాలి. తెర మీద కనిపించే అంకెను నమ్మి ఎవరైనా అప్పు చేసి ఇల్లు కొంటారేమోనని భయంగా ఉంది.

కోడ్‌మిత్ర | 2025 సెప్టెంబర్ 5

రెండు రోజుల కింద మొదటి ఫలితాలు వచ్చాయి. రెండో త్రైమాసికం ఆదాయం 24.96 కోట్లు, 41 శాతం పెరుగుదల, లాభం 2.82 కోట్లు. ఆగస్టులోనే బాగా దిగిన షేర్ మర్నాడు మళ్లీ దాదాపు 20 శాతం పడి 55 డాలర్ల దగ్గరికి వచ్చింది. 41 శాతం పెరిగిన కంపెనీకి ఈ శిక్షేంటో నాకు అర్థం కాలేదు.

లెక్కలబాబు | 2025 సెప్టెంబర్ 5

ఆదాయం పెరిగిన శాతాలు 2024లో 48, తర్వాతి రెండు త్రైమాసికాల్లో 46, 41. ఆ వరస చూడండి. పెరుగుతోంది గానీ పెరిగే వేగం తగ్గుతోంది, తర్వాతి త్రైమాసికానికి కంపెనీ ఇచ్చిన అంచనా ఇంకా తక్కువ. నికర నిలుపుదల కూడా 132 నుంచి 129కి వచ్చింది. 115 పెట్టి కొన్నవాళ్లు ఇంతకంటే చాలా ఆశించారు.

రేఖ గారూ, మీరు జూలైలో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది: షేర్ ధర చూడకండి, ఆ 129 చూడండి. అది తగ్గుతూ పోతే పెంచడానికి కంపెనీ ముందు చేయి పెట్టేది మన బిల్లు మీదే. ఏఐ పనులకి వాడకాన్ని బట్టి క్రెడిట్లు, కొత్త రకం సీట్లు, అలా వస్తుంది. ఓట్లు ఫీల్డ్ చేతిలో ఉన్నాయి కాబట్టి నెమ్మదిగా రావచ్చు.

రేఖ_డిజైన్ | 2025 సెప్టెంబర్ 6

నేనూ అదే నిర్ణయానికి వచ్చాను. ఈ వారం మా టీమ్‌లో రెండు పనులు చేశాం. సీట్ల జాబితా తీసి చూస్తే 40 మందికి పూర్తి సీట్లున్నాయి, రోజూ గీసేది 9 మంది. చూసి వ్యాఖ్యలు రాసేవాళ్లకి అంత సీటు అక్కర్లేదు, మార్చేశాం. రెండోది, ముఖ్యమైన ఫైళ్లన్నీ బయట భద్రపరచడం మొదలుపెట్టాం. కంపెనీ మీద కోపంతో కాదు. నేను ఇంకా దాన్నే ప్రేమగా వాడుతున్నాను, రేపూ వాడతాను. కానీ నా ఆరేళ్ల పనికి తాళంచెవి నా దగ్గర కూడా ఒకటి ఉండాలి.

పాతకలం | 2025 సెప్టెంబర్ 6

మంచి పని చేశావమ్మా. నా దగ్గర ఒక అల్మారా నిండా పాత డిస్కులున్నాయి. అవి తెరిచే సాఫ్ట్‌వేర్ (ఏదన్నది ఇప్పుడు అనవసరం) ఏ కొత్త కంప్యూటర్ మీదా నడవదు. అప్పట్లో ప్రతి బొమ్మకీ ఒక పీడీఎఫ్ తీసి ఉంటే సరిపోయేది, ఎవరూ చెప్పలేదు.

కొత్తకుంచె | 2025 సెప్టెంబర్ 7

నేనూ మొదలుపెట్టాను. ఫైల్‌ను నా కంప్యూటర్‌లో దాచుకుంటే ‘ఫిగ్’ రకం ఫైల్ వస్తోంది. అది చాలా?

కోడ్‌మిత్ర | 2025 సెప్టెంబర్ 7

అది ఉంచుకో, కానీ దాన్ని సరిగ్గా తెరిచేది ఫిగ్మా ఒక్కటే. తెరలన్నీ ఎస్‌వీజీ (ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకునే బొమ్మ ఫైల్), పీడీఎఫ్ రూపాల్లో కూడా తీసుకో. గీతలు, రంగులు, అక్షరాలు వస్తాయి. ఆటో లేఅవుట్ (భాగాలు వాటంతటవే సర్దుకునే అమరిక), కాంపొనెంట్ల మధ్య సంబంధాలు, ఒక తెర నుంచి ఇంకో తెరకి వెళ్లే ప్రోటోటైప్ లింకులు రావు. వాటికి ఫిగ్మా ఏపీఐ (ప్రోగ్రామ్‌తో సమాచారం అడిగి తీసుకునే దారి) ద్వారా ఫైల్ మొత్తాన్ని జేసన్ అనే టెక్స్ట్ రూపంలో తీసుకోవచ్చు, కొంచెం కోడ్ రాయాలి. నీ వేరియబుల్స్ (రంగులు, కొలతలకి పేరు పెట్టి దాచుకున్నవి) పేర్లు, విలువలు మాత్రం ఒక పట్టికలో విడిగా రాసి పెట్టుకో, ఎందుకంటే వాటిని ఏపీఐతో తీసే వీలు ఎంటర్‌ప్రైజ్ ప్లాన్ వాళ్లకే ఉంది. స్క్రిప్ట్ నా దగ్గర ఉంది, రేపు ఇక్కడే పెడతాను.